వరుసలో రాయి

రాయపురం, మా సందు, తెల్లవారుజాము నాలుగున్నర.
మెట్రో వాటర్ లారీ ఎప్పుడొస్తుందో
లారీకే తెలియని జూన్ నెల.
మనుషులింకా పడకల మీదే ఉన్నారు గానీ
వాళ్ళ బిందెలు లేచి వరుసలో నిలబడ్డాయి.
టైలర్ దొరైకణ్ణువి జంట నీలాలు,
మేడమీది నర్సు ఎస్తేరుది పెయింటు డబ్బా,
ఆరోది మరకతం గారి ఆకుపచ్చది, మూతి సొట్ట.
ఎక్కడో వెనక నాది, నారింజ రంగు, అడుగున ఎంసీల్ అతుకు.
ఏడో చోట
ఒక రాయి.

పిడికెడంత కాదు, తలకాయంత కాదు,
ఏ పనికీ ప్రత్యేకించి పనికిరానంత.
ఎవరిదని అడిగితే ఎవరూ తమది కాదంటారు.
తీసెయ్యమంటే ఎవరూ తియ్యరు.
"ఎవరూ పెట్టకుండా రాయి వరుసలోకి ఎలా వస్తుంది?
వస్తారు. పాపం ఏ పనిలో ఉన్నారో"
అని మరకతం గారు రోజూ
దానికి జానెడు చోటు వదిలి జరుగుతారు.

హార్బర్లో ముప్పయ్యేళ్ళు క్రేను నడిపిన గజపతి
వేపపుల్ల పక్కకి తీసి నవ్వుతాడు.
"రోడ్డు తవ్వినవాళ్ళు వదిలేసి పోయిన ముక్క.
రాయికి చోటు, చోటుకి మర్యాద!
ఈ లెక్కన భూమి కూడా ఎవరో క్యూలో పెట్టిన రాయేనంటారు మీరు.
పెట్టినవాడు టీకి వెళ్ళాడంటారు."

దొరైకణ్ణు దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు.
కొలత లేకుండా గుడ్డ కత్తిరించని మనిషి.
"అలాగే అనుకుందాం సార్. ఏ క్యూ అది? మన ముందు ఎవరున్నారు?
లారీలో ఏం తెస్తున్నారు?
మన వంతు వచ్చేసరికి వాడు టీ తాగి రాకపోతే
మనకి రావలసింది ఎవరు పట్టుకుంటారు?"
గజపతి కాసేపు పుల్ల నమిలాడు.
"ఏ పుట్టలో ఏ పాముందో" అన్నాడు.
నాస్తికుడు అనదగ్గ మాట కాదది.

"మీరు లెక్కల టీచరు గదా, చెప్పండి" అని
అందరూ నా వైపు తిరిగారు.
నీళ్ళు లేని వీధిలో
నేను నీళ్ళు నమిలాను.

ఎందుకంటే ఆ రాయి పెట్టింది నేనే.

మే నెలలో ఒక రాత్రి, గాలికి
నా ఖాళీ బిందె దొర్లిపోతుంటే ఆనించాను.
తెల్లారి బిందె తెచ్చుకున్నాను, రాయిని మరిచాను.
ఇంతే కథ.
నాలుగు రోజులు పోయాక చూస్తే
దానికో నంబరుంది, దాని మీద రెండు పార్టీలున్నాయి,
పిల్లలు పసుపు సుద్దతో కళ్ళు గీశారు.
శుక్రవారం ఎవరో మందారం పెట్టారు.
ఇప్పుడు వెళ్ళి
"అది నాదేనండీ, అర్థమేం లేదు, గాలి వేసిందంతే"
అని ఎలా చెప్పను?
మరకతం గారి మొహం ఎలా చూడను?

అప్పుడు తట్టింది:
పైవాడు ఇన్ని యుగాలుగా నోరు విప్పకపోవడం
రహస్యం వల్ల కాదు, గాంభీర్యం వల్లా కాదు,
మొహమాటం వల్ల అయ్యుండొచ్చు.

ఆరున్నరకి లారీ వచ్చింది.
పైపు పట్టిన కుర్రాడు కొత్తవాడు.
ఏడో చోటికొచ్చి, ఎవరైనా పలుకుతారేమోనని అటూ ఇటూ చూసి,
పద్ధతి తెలియక
రాయి మీద రెండు సెకన్లు నీళ్ళు పట్టి ముందుకి సాగాడు.
"వృథా, వృథా!" గజపతి అరిచాడు.
సుద్ద కళ్ళు కరిగిపోయాయి.
రాయిలో గులాబీ చారలున్నాయి.
పెట్టినదాన్ని, నాకే తెలియదు.
కిందకి జారిన నీళ్ళని ఒక కాకి తాగి పోయింది,
వరుసలో నిలబడకుండా.

నా బిందె ముప్పావు నిండేసరికి లారీ ఖాళీ.
రేపు నిజం చెప్పేద్దామనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు నాలుగున్నరకి వెళితే
రాయి పక్కన ఇంకో చిన్న రాయి.

అది మాత్రం నేను పెట్టలేదు.