నా

బ్రహ్మపురం పెద్దాసుపత్రి, పదకొండో వార్డు.
కూర్మయ్య కుడిపాదం మడమదాకా నలుపు,
పట్టుకు అద్దకం ఎక్కినట్టు.

"గురువారంలోపు మోకాలి కింద తీసేయాలి,
లేదంటే మనిషే ఉండడు. రాజీయా, అడుగు,"
అన్నాడు డాక్టరు ఒడియాలో.
వాళ్ళకు రాజీ అంటే సమ్మతి.
మనకు, రెండువైపులా కాస్త ఓడిపోవడం.

నేను వార్డు ఆయాను. జీతం తుడిచినందుకు,
మాట మోసేది ఊరికే.

"మగ్గం గుంటలో యాభైయేళ్ళు తొక్కిన కాలు.
ఒల్లనమ్మా. నిండు ఒంటితో పోతాను."
"పోతావు మరి, తెలుసా?"
"పోగు ఎక్కడ తెగుతుందో నాకు చెప్తావా?"

కొడుకు దండాసి అప్పటికే సంతకం పెట్టేశాడు.
ఒక్క అబద్ధం ఆడు పిన్నీ, అంటున్నాయి కళ్ళు.
నిజమే, ఆ కాలిప్పుడు నా నాలుక మీద ఉంది.

మా అమ్మకు గర్భసంచి తీసినప్పుడు
ఎవరో ఆమె తరఫున తలూపారు.
బతికింది.
ఆ తల ఎవరిదని అడుగుతూనే బతికింది.

"నా," అన్నాను.
ఒడియాలో, కాదు అని.
తెలుగులో, నాది అని.

డాక్టరు కలానికి మూత పెట్టాడు.
కూర్మయ్య మంచినీళ్ళు అడిగాడు.
దండాసి ఇప్పటికీ
నేనెదురైతే వీధి మారతాడు.