తట్ట గుర్తు

ఇరవై రెండేళ్లు మినిట్సు పుస్తకం నేనే రాసినాను.
ప్రతి ఏడూ అదే మాట:
"ఏకగ్రీవంగా ఎన్నుకోవడమైనది."
ఆ మాట కాడ కలం ఎప్పుడూ ఆగలేదు.
ఆదోని ఎండకు చెమట బొట్టు పడి
"గ్రీవం" మీద సిరా పరుచుకునేది, అంతే.

గ్రీవమంటే మెడ అని బళ్లో అయ్యవారు చెప్పినాడు.
మా అందరికీ ఒకటే మెడ అని
నేను ఏటేటా సంతకం పెడతా వచ్చినాను.

హుస్సేనప్ప మా అధ్యక్షుడు.
మంచోడే. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది.
పత్తి బోరా కింద పడి నడుం ఇరిగిన లాలప్పను
భుజాన ఏసుకొని ఆస్పత్రికి మోసినోడు.
బోరాకు రూపాయి పెంచమని
పద్దెనిమిది దినాలు కాటాలు ఆపినోడు.
ఆపేటప్పుడు మమ్మల్ని అడిగింది లేదు,
మళ్లీ ఎత్తేటప్పుడూ అడిగింది లేదు.
అడగమని మేం అనిందీ లేదు.

మహాసభంటే షామియానా, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు.
"చేతులెత్తండప్పా" అంటాడు.
గేటు కాడ మిల్లు మేనేజరు మనిషి
బీడీ తాగుతా ఉంటాడు,
ఎవరి చెయ్యి ఎంత ఎత్తు లేసిందో
చూడనట్టు చూస్తా.

ఈ ఏడు చెయ్యి కాదు, మనిషే లేసింది.
ఉరుకుందమ్మ. జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది.
దూది దగ్గును నడమ నడమ మింగుకుంటా అడిగింది:
"సందా మొగోళ్ల కాడా పది రూపాయలే, మా కాడా పదే.
రసీదులు దాచిపెట్టుకోనుండాం.
మా పేర్లు యాడుండాయి సామీ?"

అందరూ నా దిక్కు చూసినారు.
నూట నలభై మంది ఆడోళ్లు
వసూలు పుస్తకంలో ఉన్నారు,
సభ్యుల పుస్తకంలో లేరు.
ఎవరూ వద్దనలేదు.
ఎవరూ రాయమనలేదు.
నేను రాయలేదు.

మూడు రాత్రులు కూర్చొని రాసినాను.
ఖాజాబీ, మారెక్క, బజారమ్మ, సుంకులమ్మ,
పెద్ద తాయమ్మ, చిన్న తాయమ్మ...
తండ్రి పేరు రాయాల్నా, మొగుని పేరా అంటే
"నాది రాయి, సాలు" అనింది మారెక్క.

టీ పొడి డబ్బా మూతకు ఉలితో గాటు పెట్టి
తాళం మీద లక్క కరిగించినాం.
ఖాళీ బోరాలు విప్పి తెర కుట్టినారు.
హుస్సేనప్పది కొక్కెం గుర్తు,
ఉరుకుందమ్మది తట్ట గుర్తు.
గేటు కాడి మనిషి ఆ పొద్దూ వచ్చినాడు.
గోనె తెరను చానాసేపు చూసినాడు.
గోనె ఏం చెప్తాది?
బీడీ ఆర్పేసి పోయినాడు.

తెర యనకాల ఖాజాబీ ఎంతకూ రాకపోతే
"ఏమ్మా, నిద్రపోయినావా?" అని నవ్వినారు.
బయటికొచ్చి అనింది:
"అరవై ఏండ్లకు
ఎవరూ సూడని తావొకటి దొరికింది,
రొంతసేపు ఉండనీయండప్పా."

లెక్క పెట్టింది కూడా నేనే.
కొక్కేనికి రెండు వందల మూడు.
తట్టకు నూట తొంభై తొమ్మిది.
ఒకటి చెల్లలేదు, రెండు గుర్తుల మీదా ముద్ర.
ఎవరో ఇద్దర్నీ వదులుకోలేకపోయినారు.

నాలుగు ఓట్లతో గెలిచిన హుస్సేనప్ప
దండ ఏసుకోలేదు.
లేచి నిలబడి లెక్క చెప్పినాడు, మొదటిసారి:
వసూలు ఇంత, కోర్టుకు ఇంత, లాలప్ప మందులకు ఇంత,
ఇంకొంత యాడికి పోయిందో గ్యాపకం లేదు.
"గ్యాపకం తెచ్చుకోప్పా," అనింది ఉరుకుందమ్మ,
"మేం కూర్చోనే ఉంటాం."

మరుసటి నెల బోనసు మాటలకు పోతే
మేనేజరు అలవాటుగా ఒక్క కుర్చీ ఏయించినాడు.
హుస్సేనప్ప కూర్చోలేదు.
"నేనొక్కణ్ణి ఒప్పుకుంటే చెల్లదు సార్.
పోయి అడగాల."
సిగ్గుతో అన్నాడో, గర్వంతో అన్నాడో
పక్కనే ఉన్న నాకే తెలియలేదు.
మేనేజరు మొగంలో మాత్రం
ఏ సమ్మెలోనూ చూడని భయం చూసినాను.

ఆ రాత్రి పుస్తకం తెరిచి
"ఏకగ్రీవంగా" అని రాసేసినాను, చెయ్యి అలవాటు.
కొట్టేసి, కింద రాసినాను:
నాలుగు వందల మూడు మెడలు.

బోనసు ఇంకా తేలలేదు.
రేపు మళ్లీ పోవాల.