మళ్ళీ అడుగు

ఫుజైరా ఫెడరల్ కోర్టు, మూడో నంబరు హాలు.
పంతొమ్మిదేండ్లు ఆయన ఎడమ పక్కన నిలబడ్డ.
ఆయన అరబ్బీ నా నోట్ల తెలుగైంది,
మావోళ్ళ తెలుగు నా నోట్ల అరబ్బీ అయింది.
ఏడుపులను మాత్రం అట్లనే ఇడిసిపెట్టిన,
అవి ఆయనకు సమజయ్యేటియే.

ఖాదీ ఖల్ఫాన్ అల్ హఫీతీ.
తండ్రి దిబ్బా ఒడ్డున కవళ్ళు ఎండబెట్టి
ఒంటెల మేతకు అమ్మినోడు.
కొడుకు అల్ ఐన్‌ల చదివి
నాలుగేండ్లు ప్రాసిక్యూటరై జైలు అడిగిండు,
తర్వాత కుర్చీ ఎక్కి జైలు ఏసిండు.
"అడుగుడే అల్కగుండె" అన్నడొకసారి, చాయ్ తాక్కుంట.

మొదటి నెల్ల తప్పు నాదే.
మెట్‌పల్లి మేస్త్రి గంగనర్సు బోనుల నిలబడి
"ఏడు నెలల జీతం ఎగ్గొట్టి
కంపెనీ నా కడుపు మీద కొట్టింది సాబ్" అన్నడు.
ఉన్నదున్నట్టు అరబ్బీల పెట్టిన.
కలం ఆగింది.
"కొట్టింది ఎవరు? ఆసుపత్రి కాయితం ఏది?"
గంగనర్సు నా దిక్కు చూసిండు,
నేను నేల దిక్కు.
"మళ్ళీ అడుగు" అన్నడు ఖాదీ.
మళ్ళీ అడిగి, చెప్పిన:
దెబ్బ కాదు సాబ్, బువ్వ.
ఆయన కొంచెంసేపు కిటికీల నుంచి గుట్టలు చూసిండు.
"మా దగ్గర గూడ ఉన్నది:
మెడ కోస్తే కోయి, బతుకుదెరువు కోయకు."
ఏడు నెలల పైకం, పైన టికెట్టు, రాసిండు.

అట్లని దేవుడేం కాదు.
గోదాంల కేబుల్ పోతే
బోయిని రాజలింగుకు రెండేండ్లు ఏసిండు.
"నేను కాదు సాబ్" అంటే, ఒక్కసారే విన్నడు.
పదకొండో నెల్ల అసలు దొంగ దొరికిండు.
విడుదల హుకుం బల్ల మీదికి వచ్చిన పొద్దు
రాజలింగుకు ఏమన్న చెప్పుమంటడేమో అని
నేను అక్కడక్కడే తిరిగిన.
చెప్పుమనలే.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఆనాటి సంది ప్రతి సాక్షినీ
"మళ్ళీ అడుగు", "మళ్ళీ అడుగు."
వకీళ్ళు గునిసిండ్రు. ఫైళ్ళు అల్మారా దాటి
నేల మీదికి దిగినయి.
ఇంత ఆలస్యమేందని అబుదాబి నుంచి ఉత్తరం వచ్చింది.
ఆయన కన్న చిన్నోళ్ళు పైకోర్టుకు పోయిండ్రు,
పోయేటప్పుడు ఈయనకే ఖర్జూరం డబ్బాలు ఇచ్చిపోయిండ్రు.

ఇయ్యాల ఆఖరి రోజు.
కేకు కోసిండ్రు, షీల్డు ఇచ్చిండ్రు,
ఫోటోల నన్ను పక్కకు జరుగుమన్నరు, జరిగిన.
పార్కింగుల, పాత పాట్రోల్ తలుపు తీసి
బిష్త్ మడిచి వెనుక సీట్ల ఏసి ఆగిండు.
"ఆ మేస్త్రి మాట, మీ భాషల ఎట్లంటరు?"
కడుపు మీద కొట్టుడు, అన్న.
వాళ్ళ నాలికె మీద 'ప' కూసోదు.
"కడుబు."
కడుపు, సాబ్.
"కడుబు" అని, తల ఊపి,
"మళ్ళీ చెప్పు" అన్నడు.

బండి ఇంజన్ నడుస్తనే ఉన్నది.
ఏసీ నీళ్ళు కిందికి ఒక్కొక్క చుక్క.
మళ్ళీ చెప్పిన.