రెండు... నాలుగు

నేను మైక్ సెట్టు వాణ్ణి.
నర్సాపురంలో నాలుగు బాక్సులు, ఒక ఆంప్లిఫయరు,
ముప్పై ఏళ్ల అప్పు.
ఎవరి గొంతు ఎంతో నా వేళ్లకి తెలుసు.
పెళ్లిలో పంతులుగారికి ఐదు మీద పెట్టాలి.
ఓట్లప్పుడు నాయకులకి మూడు చాలు,
మిగతాది వాళ్లే అరుచుకుంటారు.
బొంతు ఎజ్రాకి ఎంత పెట్టాలో
ఆఖరిదాకా తేల్చుకోలేకపోయాను.

అందరూ మైకు ముందు హలో, ఒకటి రెండు మూడు అంటారు.
అతను గొంతు సవరించుకుని
"రెండు" అని, ఆగి,
"నాలుగు" అనేవాడు.
మొదటిసారి వైరు తెగిందనుకుని
స్టేజి కిందకి పాక్కుంటూ వెళ్లాను.

అప్పట్లో సఖినేటిపల్లి రేవులో, పంటు మీద టిక్కెట్లు కొట్టేవాడు.
గ్యాసు రిగ్గు పనికొచ్చిన జమైకా వెల్డరొకడు
చిల్లర లేక, ఓ క్యాసెట్టు చేతిలో పెట్టి దిగిపోయాడట.
రూపాయిన్నర టిక్కెట్టుకి
ఒక దీవి వశిష్ఠ దాటింది.
పంటు ఇంజను డుగ్గుమన్నాక వదిలే ఊపిరి ఉంటుంది చూడండి,
ఆ క్యాసెట్టులో గిటారు అక్కడ పడేది.
"మా అమ్మ నాట్లేస్తుంటే ఇదేనండి" అన్నాడు నాతో.
"కాలు దిగినప్పుడు చప్పుడుండదు.
బురదలోంచి పైకి లాగినప్పుడే."

రెగే అంటే మావాళ్లకి నోరు తిరగలేదు.
కరపత్రంలో 'రేగు పాటలు' అని అచ్చేశారు.
పళ్లు పంచుతారేమోనని
పిల్లలంతా ముందు వరసలో కూర్చున్నారు.

జడలు కట్టిన జుట్టుని పంటు తాడు ముక్కతో ముడేసి,
చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకొచ్చేవాడు.
నమస్కారం లేదు, బాగున్నారా లేదు.
బేసు రెండు చుట్లు తిరిగేదాకా
కళ్లు మూసుకుని నిలబడేవాడు,
లంకలో కొంగ నిలబడినట్టు,
ఎవడి తొందరా తనది కానట్టు.
అప్పుడు మోకాలు లేచేది.
అంతే. మోకాలొక్కటే.
ఆ చెక్కల మీద అంత బురద ఎక్కడిదో గానీ
నాకు కనపడేది.

పాడేదేమిటంటారా?
కౌలు కాగితం లేని అరెకరం గురించి.
తూము తలుపు తాళం ఎవరి మొలతాడుకుందో.
సముద్రం బోరులోకి వచ్చిన ఏడాది
టీ ఉప్పగా ఉందని చెప్పలేక తాగిన చుట్టాల గురించి.
కోపాన్ని ఉయ్యాల్లో వేసి ఊపినట్టుండేది,
నిద్రపోనివ్వకుండా.

పాలకొల్లులో ఒకసారి, సినిమా పాట అందుకోమని కేకలు.
ఓ సోడా సీసా వచ్చి మైకుకి తగిలింది. జాలీ సొట్టపోయింది.
అతను ఒక దెబ్బ పోనిచ్చాడు.
సరిగ్గా రెండో దానికి అందుకున్నాడు.
సీసా విసిరినవాడి తల
వాడికి తెలియకుండానే ఊగడం నేను చూశాను.
ఆ సొట్టకి డబ్బులు రాలేదు, అది వేరే సంగతి.
పద్దెనిమిది వందలు.

మద్రాసు కూడా వెళ్లాడు. పాడించలేదు.
జుట్టు బాగుందని హీరో వెనకాల నిలబెట్టారు.
మూడో రోజు విగ్గులు దొరికాయని పంపేశారు.
తిరుగు రైల్లో సీటు లేదు.
"నిలబడ్డం ఒకటొచ్చు కదండీ" అని నవ్వాడు.

ఇప్పుడు మొగల్తూరు అవతల రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా.
జుట్టు తీసేశాడు, ఓనరుకి చిరాకట.
మొన్న జనరేటరు చూడమంటే వెళ్లాను.
రాత్రి రెండింటికి ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్నాయి.
ఒకదాని చక్రానికి రెక్క విరిగింది,
చుట్టుకొకసారి నీళ్లు తగలవు.
మార్పించమంటే ఇదుగో అదుగో అంటున్నాడట.
గట్టు మీద, టార్చిలైటు చంకలో పెట్టుకుని,
కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.
పిలవలేదు.
మోకాలు లేచేదాకా చూసి
వచ్చేశాను. బాకీ అడగలేదు.

ఈ మధ్య పెళ్లిళ్లలో నాకూ ఆ అలవాటే పట్టింది.
"రెండు... నాలుగు."
మగపెళ్లివారి పెద్దాయనొకరు దగ్గరికొచ్చి,
"ఒకటీ మూడూ ఏవయ్యా, డబ్బు పూర్తిగానే ఇచ్చాంగా" అన్నారు.
ఉన్నాయండి, అన్నాను.
వినపడవంతే.