గోరుకి తగలకూడదు

రుస్తావిలో పాత కార్ల సంత వెనక
తొమ్మిదో నంబరు రేకుల కొట్టు మాది.
మాది అంటే ఒటియాది.
నేను చేరి పదకొండు నెలలే.

మొదటి మూడు నెలలూ
ఆకురాయి ముట్టనివ్వలేదు నన్ను.
కడుగు, నెస్తాన్, అనేవాడు.
బ్రేకుల మసి, తారు బొట్లు, చలికాలం రోడ్డు మీద చల్లిన ఉప్పు
అన్నీ వదిలేదాకా కడుగు.
మురికి మీద పూసిన మందు
మురికికే అంటుకుంటుంది.

ఈ ఊళ్లో కాలిబాట రాళ్లు పొగరుబోతులు.
ఉక్కు కర్మాగారం కట్టినప్పుడు పాతినవి,
ఎవరి కోసమూ జానెడు జరగవు.
వాటికి రాసుకున్న చక్రాలు
కుక్క కొరికిన చెప్పుల్లా అంచులు చెడి
మా గుమ్మంలో గోడకి చేరగిలబడి ఉంటాయి.

ఇప్పుడు ఆకురాయి నాదే.
పైకి లేచిన ముళ్లని ముందు అణచాలి.
అంచు ఎటు వంగితే చెయ్యీ అటే.
అడ్డంగా పోయావా, ఒక గీత పోయి రెండొస్తాయి.
ఆ తర్వాత గరుకు కాగితం: నూట ఇరవై,
రెండొందల నలభై, నాలుగొందలు,
చివరికి ఎనిమిదొందలు, నీళ్లలో తడిపి.
అల్యూమినియం ధూళి వేలిముద్రల్లోకి దిగి
ఏ రొట్టె తుంచినా బూడిద రంగే.
లోతు గుంటలకి రెండు గొట్టాల ముద్ద
అట్టముక్క మీద సరిసమానంగా కలిపి
బిగుసుకునేలోగా నింపెయ్యాలి.
ఆరు నిమిషాలు. ఒటియా ఒక టీ తాగే టైము.

రంగు వేసే ముందు
టైరుకీ అంచుకీ మధ్య చుట్టూ పేకముక్కలు దోపుతాం.
మా కొట్లో రాణులందరికీ
నడుం దాకా వెండి పూత.

కళ్లు మూసుకో, అంటాడు ఆఖరున.
గోరు పెట్టి లాగు.
కంటికి కనబడకపోతే చాలదు,
గోరుకి తగలకూడదు.

మొన్న త్సియాలా వచ్చింది,
యాభై మూడేళ్లకి లైసెన్సు తెచ్చుకున్న నర్సు.
కుడివైపు రెండు చక్రాలూ గీరుకుపోయాయి.
"వెనకది బాగుచెయ్యండి. ముందుది వద్దు.
అది నేనొక్కదాన్నే ఆస్పత్రి దాకా నడిపిన రోజుది."
ఒటియా వాదించలేదు.
రెండూ కడగమన్నాడు.
ఒక్కదానికే డబ్బు తీసుకున్నాడు.

నిన్న టాక్సీ మెరాబ్ తెచ్చింది వేరు.
చువ్వ మొదట్లో వెంట్రుకంత గీత.
నేను ఆకురాయి తీశాను. ఆగు, అన్నాడు.
వెనకవైపు కిరసనాయిలు పూసి
ముందువైపు సుద్దపొడి రుద్ది
బల్ల మీద పెట్టి రేడియో పెట్టాడు.
పాటలు రెండయ్యాయి, వార్తలు మొదలయ్యాయి.
తెల్లటి సుద్దలో సన్నటి తడి గీత
తనని తానే గీసుకుంటూ వచ్చింది.

"కాస్త మెత్తి రంగెయ్యి. ఎవరు చూస్తారు?"
"రాపిడైతే నా పని. ఇది పగులు."
"మార్చి దాకా కొత్తది కొనలేను."
ఒటియా బల్లకింద దూరి
తుప్పు పట్టిన ఉక్కు చక్రమొకటి దొర్లించుకొచ్చాడు.
"మార్చిలో తెచ్చియ్యి."
మెరాబ్ దానివంక చూశాడు, తన వెండి రంగు కారువంక చూశాడు.
పెళ్లివారికి కూడా తిప్పుతాడు ఆ కారుని.
రెండు చక్రాలూ డిక్కీలో వేసుకుని
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఏది బిగించాడో తెలీదు.
పక్క సందులో మెత్తేవాళ్లు నలుగురున్నారు.
ఒటియా ఆ మాటే ఎత్తలేదు, సుద్ద తుడిచాడు.
నేను మాత్రం రాత్రి బస్సుకోసం నిలబడి
పోయిన ప్రతి వెండి రంగు టాక్సీకీ
ముఖం చూడకుండా
ముందు ఎడమ చక్రమే చూశాను.