నీలం బల్ల

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
టైర్ల అంగడి మీద, రేకుల గదిలో
నా అమిగా ఇంకా లేస్తాంది.
స్విచ్చి వేస్తే తెల్లటి తెర మీద ఒక చెయ్యి,
ఆ చేతిలో నీలం ఫ్లాపీ.
ముప్పై రెండేండ్లుగా అదే చెయ్యి,
ఒక్క ముడత పడలేదు.
ఫ్లాపీ పెట్టేటోడి చెయ్యి చూడండి మళ్ళా.

గరగరమని నమిలి నమిలి
నీలం బల్ల పరుస్తుంది.
నీలం, తెలుపు, నలుపు, నారింజ.
నాలుగే రంగులు.
ఆ బల్ల ముందర కూర్చునే
ఆలూరు నుంచి ఉరవకొండ దాకా
ఎన్ని పెండ్లి క్యాసెట్లకు పేర్లు వేసినానో
ఆ లెక్కల పుస్తకం తిన్న చెదలకే తెలియాల.

మొన్న నెట్టికంటి వచ్చినాడు,
ఫోన్లు బాగుచేసే పిల్లోడు. వేళ్ళు సన్నం, మాట వేగం.
"పెద్దాయనా, దీని మొగం మార్చాల.
మూలలు గుండ్రంగా కొయ్యాల,
కిటికీల కింద నీడలు పరచాల,
సొరుగు బొమ్మలు అద్దాల మాదిరి మెరవాల.
యాడో దేశాల్లో దీనికి ఇంకా
కొత్త బట్టలు కుట్టేటోళ్ళు ఉన్నారంట."

నీడ దేనికి అబ్బీ?
ఎండ ఉంటే కదా నీడ.
అనంతపురం జిల్లాలో నీడ విలువ
నువ్వు చెప్పాల్నా నాకు?
ఈ తెరలో ఎండ యాడుంది?
సొరుగు సొరుగు మాదిరే ఉంది, లాగితే వస్తుంది.
చెత్తబుట్ట చెత్తబుట్ట మాదిరే ఉంది.
పని ఎక్కువైతే బాణం మబ్బుతునక అయిపోయి
నిద్రొస్తాందని చెప్తుంది.
నీ ఫోను ఎప్పుడన్నా చెప్పిందా
అలిసిపోయినానని?
మరీ చెడితే నల్ల తెర మీద
ఎర్ర పెట్టె టపటపా కొట్టుకుంటుంది,
గురువు ధ్యానంలో ఉన్నాడని.
కసాపురం పోయి దండం పెట్టుకొని వచ్చేలోగా
దిగుతాడు.

వాడు నవ్వలేదు.
సొరుగుల కింది పేర్ల మీద వేలు పెట్టినాడు.
"ఇవన్నీ ఇంగ్లీషే కదా.
నువ్వు నాలుగో తరగతి.
ఎట్ల చదివినావు ఇన్నేండ్లు?"

చదవలేదు.
కరెంటు పోయిన వంటింట్లో
ఉప్పుడబ్బా తెలిసినట్టు తెలుసు, అంతే.

ఆ రాత్రి అటక మీది రేకుపెట్టె దించినా.
అడుగున ఒక ఫ్లాపీ, పెన్నుతో రాసిన చీటీ:
మాబున్ని, అచ్చరాలు.
ఈ మిషన్‌కు తెలుగు రాదు అప్పుడు.
కుట్టుపని వదిలి నా కాడికి వచ్చిన పిల్ల
గుడ్డ మీద ఊలు కుట్టినట్టు
చుక్క పక్కన చుక్క పెట్టి
అక్షరానికి అక్షరం కట్టింది.
ఈ పక్క ఇద్దరు పెండ్లికూతుర్లలో ఒకరు లక్ష్మే.
క, కింద ష, దాని కింద మ, నెత్తిన గుడి.
పదహారు చుక్కల ఎత్తులో
అంత మిద్దె ఎవరు కడతారు?
మూడు రాత్రులు ఏడ్చింది.
నాలుగో రాత్రి గుడిని రవ్వంత పక్కకు వంచింది.
నిలబడింది.

నెట్టికంటి ఆ ఫ్లాపీని రెండు వారాలు కెలికినాడు.
మూలలు కొయ్యలేదు, నీడలు పరచలేదు.
నీలం నీలంగానే ఉండాది.
సొరుగుల కింద మాత్రం
పక్కకు వంగిన గుడులతో:
పెండ్లిండ్లు. ఉరుసు. కేబుల్ ప్రకటనలు.
లక్ష్మీ టాకీసు స్లైడ్లు. బాకీలు.

పత్తికొండకు ఫోను చేసి మాబున్నిని రమ్మన్నా.
బస్సు దిగి, మెట్లెక్కి,
కొంగుతో కండ్లద్దాలు తుడుచుకొని
చానాసేపు చూసింది.
ఏడుస్తుందేమో అనుకున్నా.
"పెండ్లిండ్లలో ఒక చుక్క ఎక్కువ పడింది,
ఇది నాది కాదు, ఈ పిల్లోడిది" అనింది.
మళ్ళా చివరి సొరుగు కాడ ఆగింది.
"తొంభై ఆరులో రెండు నెలల జీతం
నాది ఇందులో ఉందా, మేస్త్రీ?"

నేను మౌస్ పట్టుకొని
బాకీలు నొక్కినా.
బాణం మబ్బయి నిద్రపోయింది.

అబ్బీ నెట్టికంటీ,
ఏమన్నా మార్చుకో గానీ
ఆ మబ్బును మాత్రం ముట్టుకోవద్దు.