మేలురకం కెపాసిటర్

కాశీబుగ్గలో పిక్కలు కాల్చే పొగ
షెడ్డులోకి దిగే వేళ
ఏరివేత యంత్రం ముందు కూర్చున్నాను.
ఇరవై నాలుగు వోల్టులు నిలకడగా ఇవ్వాల్సిన డబ్బా
కీచుమంటోంది.
తెల్లటి గుండునీ నల్లమచ్చ బద్దనీ
ఒకే తొట్లోకి ఊదేస్తోంది.

నిన్న నేనే మార్చాను.
పని చేస్తుండగానే, నెత్తి ఉబ్బింది కదా అని
పాత కెపాసిటర్ని పీకి
విశాఖ నుంచి తెప్పించిన మేలురకం వేశాను.
లోపల నిరోధం లేనట్టే దానికి.
అంత శుద్ధం.

"కొత్తదేసినాకే సెడిపోనాదేటి బావూ?"
దాలమ్మ అడిగింది,
జీడి రసానికి కమిలిన వేళ్లతో
కలిసిపోయిన పప్పుని చేటలోకి లాక్కుంటూ.
నేను మాట్లాడలేదు.

స్కోపు తెర మీద చూశాను.
గాలి వాల్వు ఒక్కసారి తెరుచుకుంటే
వోల్టేజి పడుతుంది, లేస్తుంది, మించిపోతుంది,
మళ్లీ పడుతుంది.
తొమ్మిది అలలు లెక్కపెట్టాను
పదోది రాకముందే ఇంకో వాల్వు.
తప్పు తెలియక కాదు, తెలుసు దానికి.
తెలిసిన కబురు ఆలస్యంగా చేరుతోంది.
ఆపమని పంపిన చెయ్యి
అందేసరికి తోసే చెయ్యవుతోంది.

కూలి చీటీ వెనక గీత గీశాను.
గెయిన్ ఒకటికి దిగే చోట
మిగిలిన కోణం పదకొండు డిగ్రీలు!
ఇన్నేళ్లూ ఆ పాతదాని లోపలి కాస్త నిరోధమే
కబురుని ముందుకు నెట్టుకొచ్చింది.
దాని జబ్బే దీని నిలకడ.

చెత్తడబ్బాలోంచి తీసి చూశాను దాన్ని.
తిరిగి వెయ్యను, రేపో మాపో పోయేదే.
దాని లోపాన్ని మాత్రం కొలిచి
వేరే చోట, కావాలని, చిన్నగా పెట్టాలి:
ఫీడ్‌బ్యాక్ దారిలో పై రెసిస్టరు పక్కన
రెండు నానోఫారడ్లు, వెనకే రెండు కిలో ఓమ్‌లు.
రొద పెరిగింది.
ఫారడ్లు సగానికి దించాను.
సోల్డరు పొగ పిక్కల పొగలో కలిసింది.

వాల్వు తెరుచుకుంది.
ఒక్కసారి పడి, లేచి,
కొంచెం తూలి
ఆగింది గీత.
యాభై రెండు డిగ్రీలు, చీటీ మీద రాసుకున్నాను.

దాలమ్మ తెర వైపు చూడలేదు.
యంత్రం తెల్లదని పంపిన గుండొకటి తీసి
బోర్లా తిప్పింది.
కింద ఆవగింజంత నలుపు.
ఏమీ అనకుండా పక్క కుప్పలో వేసింది.

ఆ కబురు ఏ దారిన వెనక్కి పంపాలో
నా చీటీలో లేదు.